రెండో వారం కూడా జనం వస్తేనే

యాక్షన్ సినిమా రిలీజైతే నేను శుక్రవారం కలెక్షన్లు పెద్దగా పట్టించుకోను, సోమవారం ఎంత పడిపోయాయో చూస్తా. మొదటి మూడు రోజులూ హీరో కోసం, ట్రైలర్ కోసం జనం ఎలాగూ వస్తారు. ఆ తర్వాత వచ్చేవాళ్ళంతా ఎవరో బాగుందంటే వచ్చినవాళ్ళు, లేదా రెండోసారి చూసేవాళ్ళు. లాంగ్ రన్ అంతా వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

2022లో టాప్ గన్ మావెరిక్‌కి అమెరికా, కెనడాలో మొదటి మూడు రోజులకి 126 మిలియన్ డాలర్ల పైన వచ్చింది, ఫుల్ రన్ అయ్యేసరికి అది 718 మిలియన్లకి చేరింది, అంటే ఐదు రెట్ల పైమాటే, పెద్ద సినిమాలు చాలా వాటికి మూడు రెట్లు రావడమే కష్టం. ఎందుకంత నిలబడింది అంటే నాకు కనిపించే కారణం ఒక్కటే. నటుల్ని నిజంగా ఫైటర్ జెట్ వెనక సీట్లో కూర్చోబెట్టి కాక్‌పిట్‌లో కెమెరాలు బిగించి తీశారు. జెట్ మలుపు తిరిగినప్పుడు ఆ బుగ్గలు కిందికి లాగేస్తుంటే, ఊపిరి బిగబట్టేస్తుంటే, చూసేవాళ్ళకి కూడా గుండె జారుతుంది, అది గ్రాఫిక్స్‌తో వచ్చేది కాదు.

జాన్ విక్ సంగతి ఇంకా బాగుంటుంది. 2014లో మొదటి భాగం ప్రపంచం మొత్తం మీద 90 మిలియన్లు కూడా దాటలేదు, 2023లో నాలుగోది 430 మిలియన్ల పైన చేసింది. డైరెక్టర్ చాడ్ స్టాహెల్స్కీ ఒకప్పుడు స్టంట్‌మ్యాన్, ఈ సినిమాల హీరో కియాను రీవ్స్‌కి మ్యాట్రిక్స్‌లో డూప్‌గా చేసింది ఆయనే. అందుకే కెమెరాని కాస్త వెనక్కి పెట్టి తల నుంచి కాలి దాకా మనిషిని చూపిస్తాడు, దెబ్బ ఎవరు కొట్టారో ఎవరికి తగిలిందో మనకి తెలుస్తుంది. నాలుగో భాగంలో పారిస్ మెట్ల సీన్ గుర్తుందా? సూర్యోదయం లోపు జాన్ విక్ పైకి చేరాలి, ఒక్కొక్కర్నీ కొట్టుకుంటూ దాదాపు పై దాకా వెళ్తాడు, అక్కడ ఒక్క తన్ను, ఇక దొర్లుతూ దొర్లుతూ మళ్ళీ మొదటికి. ఆ మెట్లన్నీ అప్పటికే మనం లెక్కపెట్టినంత పనిచేసి ఉంటాం కాబట్టి "అయ్యో" అని నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది.

అలాగని షాట్లు గబగబా మార్చే కట్స్ ఎక్కువైతే సినిమా పాడైపోతుందనీ కాదు. 2015 మ్యాడ్ మ్యాక్స్ ఫ్యూరీ రోడ్‌లో షాట్లు రెప్పపాటులో మారిపోతాయి, అయినా ఎక్కడా కన్‌ఫ్యూజన్ ఉండదు. డైరెక్టర్ జార్జ్ మిల్లర్ ముఖ్యమైన విషయాన్ని ఎప్పుడూ ఫ్రేమ్ మధ్యలోనే పెట్టించాడు, షాట్ మారినా మన కళ్ళు వెతుక్కోనక్కర్లేదు. ఆ ఎడిటింగ్‌కి మార్గరెట్ సిక్సెల్‌కి ఆస్కార్ వచ్చింది, మొత్తం సినిమాకి ఆరు.

మరి డబ్బులు? దాదాపు 380 మిలియన్లు, బడ్జెట్ 150 మిలియన్ల పైనే. వినడానికి డబుల్ కంటే ఎక్కువ, కానీ గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, నిర్మాత జేబులోకి వచ్చింది కాదు కదా, అమెరికాలో సుమారు సగం థియేటర్లకే పోతుంది, చైనాలో అయితే స్టూడియోకి వచ్చేది పావు వంతే, దాని మీద పబ్లిసిటీ ఖర్చు వేరే. ఆ లెక్కలో ఇది బ్లాక్‌బస్టర్ కాదు. అయినా నాకు ఇష్టమైన యాక్షన్ సినిమా ఏదంటే ఇదే చెప్తా.

ఒక్క విషయం మాత్రం చాలా ఏళ్ళు బాధపెట్టింది. ఇన్ని కోట్ల డాలర్లు తెచ్చిపెట్టే ఫైట్లకి ఆస్కార్‌లో ఒక కేటగిరీ కూడా ఉండేది కాదు. 2025 ఏప్రిల్‌లో అకాడమీ ఎట్టకేలకి స్టంట్ డిజైన్‌కి అవార్డు ప్రకటించింది, 2027లో రిలీజయ్యే సినిమాలకి 2028లో ఇస్తారు. జాన్ విక్‌లో ఆ మెట్ల మీద పడింది కూడా ఒక స్టంట్‌మ్యానే. ఆ అవార్డు మొదటిసారి అందుకునేవాళ్ళు స్టేజ్ ఎక్కే క్షణం కోసం ఇప్పట్నుంచే ఎదురుచూస్తున్నా.