వేడినీళ్ల మూర్ఛ: తలస్నానం మానకుండా గట్టెక్కిన తీరు

నాకు ఫిట్స్ వచ్చేది తలమీద వేడినీళ్లు పడ్డప్పుడే. ఒంటికి పోసుకుంటే ఏమీ కాదు. చూపు నిలిచిపోతుందట, పొంతన లేని మాటలు వస్తాయట, చెయ్యి మాత్రం చెంబు వెంట చెంబు పోస్తూనే ఉంటుందట. ఇది దక్షిణాదిలో, అందులోనూ కర్ణాటకలో ఎక్కువ. బెంగళూరులోని మెదడు, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్ వైద్యులు దీనిమీద చాలా పనిచేశారు. 40 నుంచి 50 డిగ్రీల నీళ్లు మాడు మీద గబగబా కుమ్మరించుకోవడం మనకు అలవాటే కదా.

న్యూరాలజిస్టు ముందు గ్యాస్ గీజర్ ఉందా అని అడిగారు. మూసిన బాత్‌రూంలో దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌తోనూ మనిషి పడిపోతాడు. దాని వైద్యం వేరు. మా ఇంట్లో అది లేదు. తర్వాత ఈఈజీ, అంటే తలకు ఎలక్ట్రోడ్లు అంటించి మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష. జిడ్డు ఉంటే ఎలక్ట్రోడ్లు సరిగా అంటుకోవు కాబట్టి ముందురోజే షాంపూతో తల రుద్దుకోవాలి, అదీ గోరువెచ్చని నీళ్లతోనే. రిపోర్టు నార్మల్. ఫిట్స్ లేనప్పుడు తీస్తే చాలామందికి అలాగే వస్తుంది, అంతమాత్రాన జబ్బు లేదని కాదు. నా విషయం తేల్చింది ఇంట్లోవాళ్లు ఫోన్లో తీసిన వీడియో.

అసలు మందు నీళ్ల వేడి తగ్గించడమే. చాలామందికి అంతే సరిపోతుంది. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, వేడినీళ్లు కలిపి, అడుగుదాకా బాగా కలియతిప్పి థర్మామీటరు పెడతాను. కలపకపోతే పైన వేడి, అడుగున చల్లన. 37 డిగ్రీలు దాటనివ్వను. చేతి అంచనాను అస్సలు నమ్మను.

నాకు అది చాలక డాక్టరు క్లోబజామ్ అనే ఫిట్స్ మాత్ర రాశారు. తలస్నానానికి గంటన్నర, రెండు గంటల ముందు వేసుకోవాలి. పెద్దలకు మామూలుగా 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఎవరికెంతో డాక్టరే చెప్పాలి. పండగ హడావిడిలో మాత్ర మింగిన పావుగంటకే తల తడిపితే అది పనిచెయ్యదు. మత్తుగా ఉంటుంది, ఆ రోజు బండి తియ్యను. కొందరికి కొన్నేళ్లకు వేడినీళ్లతో నిమిత్తం లేకుండానే ఫిట్స్ మొదలవుతాయి. అప్పుడు రోజూ మందు తప్పదు.

తలుపు గడియ వెయ్యను, పీట మీద కూర్చునే పోసుకుంటాను. ఫిట్ వస్తే ఇంట్లోవాళ్లు చెంబు లాగేసి, నీళ్లకు దూరంగా పక్కకు తిప్పి పడుకోబెడతారు. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టనే కూడదు. 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి.