అంధకారమందు కూర్చున్నను

"నేను అంధకారమందు కూర్చున్నను యెహోవా నాకు వెలుగుగా నుండును" (మీకా 7:8).

ఈ వచనాన్ని మనం ఎక్కువగా దాని ముందున్న "తిరిగి లేతును" అన్న మాట బలంతోనే చదువుతాము. దుఃఖంలో ఉన్నవారిని పరామర్శించేటప్పుడు కూడా లేచే మాటను ముందుగా చెప్పి, కూర్చున్న మాటను త్వరగా దాటేస్తాము. అది వారికి మనం చేసే అన్యాయమేనని నాకు అనిపిస్తుంది. దారి కనబడనివాడు, నడిచే సత్తువ ఉడిగినవాడు కూర్చుంటాడు. మీకా ప్రవక్త అటువంటి స్థితిలోనే ఉన్నాడు: ఆ అధ్యాయం ఆరంభంలో తనను పండ్లన్నీ ఏరుకొనిపోయిన తోటతో పోల్చుకున్నాడు, స్నేహితుణ్ణి నమ్మలేని, ఇంటివారే విరోధులైన రోజులను చూశాడు.

దేవుడు తనను వెలుగులోనికి తీసుకువస్తాడన్న నిరీక్షణను ప్రవక్త తరువాతి వచనంలో, అంటే 9వ వచనంలో పలుకుతాడు. 8వ వచనంలో అతడు ఇంకా చీకటిలోనే ఉన్నాడు, అయినా యెహోవాయే వెలుగుగా అక్కడ అతనితో ఉన్నాడు. విడుదల తరువాత వచ్చింది, సన్నిధి ముందే ఉంది.

మా అమ్మ మంచం పక్కన మేలుకొని గడిపిన రాత్రులలో ఈ తేడా నాకు కొంత అర్థమైంది. నుదుటిమీద తడిగుడ్డ మార్చడం, ఊపిరి ఆడుతున్నదా అని చెవి ఒగ్గి వినడం, మళ్ళీ గుడ్డ తడపడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. "ప్రభువా" అన్న ఒక్క మాటను మించి ప్రార్థన సాగేది కాదు. జ్వరం ఆ రాత్రులలో తగ్గలేదు, కాని ఆ మాటను ఎవరో వింటున్నారన్న ఎరుక నన్ను విడిచిపోలేదు.

అంతమాత్రపు ఎరుక కూడా లేని రాత్రులు ఉంటాయి. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అంటూ ముగిసిపోతుంది, ఆ తరువాత ఓదార్పు మాట ఒక్కటీ లేదు. అయినా ఆ ఫిర్యాదు అంతా దేవునితోనే చెప్పుకున్నది, అందుకే అది పరిశుద్ధ గ్రంథంలో ప్రార్థనగా నిలిచింది. మధ్యాహ్నం మొదలు మూడు గంటల వరకు దేశమంతటా చీకటి కమ్మినప్పుడు, మన ప్రభువు కూడా "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని సిలువమీద మొరపెట్టాడు. చీకటిలో కూర్చున్నవారి చోటికి ఆయన అంత లోతుగా దిగి వచ్చాడు.

ప్రభువు శిష్యురాలైన మగ్దలేనే మరియ ఇంకా చీకటిగా ఉన్నప్పుడే ఆయన సమాధి యొద్దకు వచ్చిందని యోహాను 20వ అధ్యాయంలో రాశాడు. అప్పటికే రాయి తీయబడి ఉంది, ఆమెకు మాత్రం ఏమి జరిగిందో తెలియలేదు. ఆమె ఏడుస్తూ వెనుకకు తిరిగి, ఎదుట నిలిచిన యేసును తోటమాలి అనుకున్నది. ఆయన ఆమెను "మరియా" అని పిలిచాడు.