ఐండ్‌హోవెన్ కోడ్ రివ్యూల్లో మ్యూటెక్స్, సెమఫోర్

హైదరాబాద్‌లో కొన్నేళ్ళు జావాలో వెబ్ సర్వీసులు రాసి, నెదర్లాండ్స్ వచ్చి ఐండ్‌హోవెన్ చుట్టుపక్కల యంత్రాల కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరే తెలుగువాళ్ళున్నారు. ఇల్లు, సైకిలు, రిజిస్ట్రేషన్ ఎలాగోలా కుదురుతాయి. చిక్కంతా మొదటి కోడ్ రివ్యూతో మొదలవుతుంది. అక్కడ ఫ్రేమ్‌వర్క్ కనబడనీయని థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనులు, ఇక్కడి సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌లో ఎదురుగా కూర్చుని ఉంటాయి. మ్యూటెక్స్ అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే డేటా దగ్గరికి పోనిచ్చే తాళం, సెమఫోర్ అంటే ఎందరు పోవచ్చో చెప్పే లెక్క: ఈ తేడా ఇంటర్వ్యూ కోసం అందరూ బట్టీ పట్టిందే. కానీ రివ్యూ చేసే డచ్ సహోద్యోగికి ఆ నిర్వచనంతో పని లేదు. "ఈ లాక్ ఏ డేటాను కాపాడుతోంది? ఎవరు తీసుకుంటారు? ఎవరు వదులుతారు?" అని రాస్తాడు, అంతే. పలకరింపు ఉండదు, మెచ్చుకోలు ఉండదు. అది కోపం కాదు, వాళ్ళ మాటతీరే అంత. "నా టెస్టులో బాగానే నడిచింది" అన్నది మాత్రం ఆ ప్రశ్నకు జవాబు కాదు.

సెమఫోర్‌కు ఈ ఊరితో పాత చుట్టరికమే ఉంది. దాన్ని ప్రోగ్రామింగ్‌లోకి తెచ్చిన డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1962లో ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలోనే ప్రొఫెసర్‌గా చేరారు. ఎలక్ట్రొలాజికా ఎక్స్8 యంత్రం కోసం ఆయన బృందం కట్టిన టీహెచ్‌ఈ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రాసెస్‌ల పొంతన అంతా సెమఫోర్ల మీదే నడిచేది. దాని మీద పేపర్ 1968లో అచ్చయింది.

జావా నుంచి వచ్చినవాళ్ళకు తగిలే మొదటి దెబ్బ ఇది. సింక్రనైజ్డ్ మెథడ్‌లోంచి, అంటే లాక్ పట్టుకుని నడిచే మెథడ్‌లోంచి, అదే ఆబ్జెక్ట్ మీద ఇంకో సింక్రనైజ్డ్ మెథడ్‌ను పిలిస్తే జావాలో ఏమీ కాదు. లాక్ చేతిలో ఉన్న థ్రెడ్ మళ్ళీ అడగవచ్చు. లైనక్స్‌లో మామూలుగా తయారుచేసుకున్న పీథ్రెడ్ (సీలో థ్రెడ్ల లైబ్రరీ) మ్యూటెక్స్ అలా ఒప్పుకోదు. రెండోసారి అడిగిన థ్రెడ్ తన కోసం తానే ఎదురుచూస్తూ అక్కడే ఆగిపోతుంది. మళ్ళీ అడగనిచ్చే రికర్సివ్ రకానికి మార్చి చేతులు దులుపుకోవచ్చు గానీ, దాంతో ఏ ఫంక్షన్ దగ్గర లాక్ నిజంగా విడుదలవుతుందో చదివేవాడికి తెలియకుండా పోతుంది. లాక్ తీసుకునే ఫంక్షన్ ఒకటి, అప్పటికే లాక్ ఉందనుకుని పనిచేసే లోపలి ఫంక్షన్ ఒకటి, రెండుగా విడగొట్టడమే మంచిది. డెవలప్‌మెంట్ బిల్డ్‌లో ఎర్రర్‌చెక్ రకం మ్యూటెక్స్ పెట్టుకుంటే ప్రోగ్రామ్ ఆగిపోయే బదులు ఈడెడ్‌ఎల్‌కే అనే ఎర్రర్ తిరిగొస్తుంది. ఒక థ్రెడ్ పట్టిన లాక్‌ను వేరే థ్రెడ్ వదలబోతే ఈపెర్మ్ వస్తుంది. వచ్చే విలువను చూడకుండా వదిలేస్తే ఈ రెండూ దండగే.

మ్యూటెక్స్‌కు యజమాని ఉంటాడు, సెమఫోర్‌కు ఉండడు. మిగతా తేడాలన్నీ దాదాపు ఇక్కణ్ణుంచే వస్తాయి. సెమఫోర్ ఒక లెక్క మాత్రమే. సెమ్_వెయిట్ ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే ఆగుతుంది. సెమ్_పోస్ట్ ఒకటి పెంచుతుంది, ఏ థ్రెడ్ అయినా పిలవవచ్చు, సిగ్నల్ హ్యాండ్లర్‌లోంచి కూడా. అందుకే 1తో మొదలుపెట్టిన సెమఫోర్‌ను లాక్‌లా వాడడం ప్రమాదం. ఎర్రర్ వచ్చిన దారిలో ఎవరో ఒక పోస్ట్ ఎక్కువ చేస్తే లెక్క 2 అవుతుంది, ఆ తర్వాత ఇద్దరు లోపలికి వెళ్తారు. ఏ ఎర్రరూ రాదు. రోజుల తర్వాత ఎక్కడో డేటా పాడై బయటపడుతుంది.

సెమఫోర్ సరిగ్గా ఇమిడే చోటు లెక్క కావలసిన చోటే. సెన్సర్ థ్రెడ్ రీడింగులు పెడుతుంది, లాగర్ థ్రెడ్ తీస్తుంది, మధ్యలో 8 గడుల బఫర్ ఉంది అనుకోండి. ఖాళీ గడులకు 8తో ఒక సెమఫోర్, నిండిన గడులకు 0తో ఇంకొకటి, బఫర్ సూచికలకు ఒక మ్యూటెక్స్. పెట్టేవాడు ముందు ఖాళీ సెమఫోర్ మీద వెయిట్ చేయాలి, తర్వాతే మ్యూటెక్స్ పట్టాలి. గడి నింపి, మ్యూటెక్స్ వదిలి, నిండిన సెమఫోర్‌ను పోస్ట్ చేయాలి. తీసేవాడిది దీనికి అద్దం. మొదటి రెండు పనులూ తారుమారైతే, 8 గడులూ నిండిన రోజున పెట్టేవాడు మ్యూటెక్స్ చేతిలో ఉంచుకునే ఖాళీ కోసం నిద్రపోతాడు. ఖాళీ చేయాల్సినవాడికి మ్యూటెక్స్ దొరకదు. లాగర్ ఎప్పుడూ వేగంగా ఉండే టెస్ట్ మెషీన్‌లో బఫర్ నిండదు కాబట్టి ఈ తప్పు కస్టమర్ దగ్గరికి వెళ్ళేదాకా దాక్కుంటుంది.

సెమ్_వెయిట్ తిరిగొచ్చిందంటే సెమఫోర్ దొరికిందని కాదు. మధ్యలో సిగ్నల్ హ్యాండ్లర్ నడిస్తే అది -1 ఇచ్చి, ఎర్రర్ సంఖ్య ఉండే ఎర్‌నోలో ఈఇంటర్ (మధ్యలో ఆగింది) పెట్టి బయటికి రావచ్చు. అది చూడని కోడ్ లెక్క తగ్గకుండానే ముందుకు పోతుంది. లూప్‌లో పెట్టి మళ్ళీ వెయిట్ చేయాలి.

గడువు పెట్టి ఎదురుచూసే సెమ్_టైమ్‌డ్‌వెయిట్‌లో ఇంకో గుంట ఉంది. దానికి ఇవ్వాల్సింది "5 సెకన్లు ఆగు" అని కాదు, ఫలానా సమయం దాకా అని. ఉత్త 5 ఇస్తే అది 1970 జనవరి 1 నాటి ఐదో సెకను. సెమఫోర్ వెంటనే దొరక్కపోతే క్షణం కూడా ఆగకుండా టైమ్‌అవుట్ అంటుంది. పైగా అది చూసేది రియల్‌టైమ్ గడియారాన్ని. ఎవరైనా సిస్టమ్ సమయాన్ని ముందుకో వెనక్కో జరిపితే ఆగే సమయం కూడా మారిపోతుంది. మార్చి చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపినప్పుడు మాత్రం దీనికేమీ కాదు, ఆ గడియారం నడిచేది యూటీసీలో. ఆ రోజు తప్పేది ఇంటికి ఫోన్ చేసే లెక్కే: ఇండియాతో నాలుగున్నర గంటల తేడా మూడున్నర అవుతుంది.

గడువులోగా పని తప్పక పూర్తి కావలసిన రియల్‌టైమ్ టీముల్లో ప్రయారిటీ ఇన్వర్షన్ (ముఖ్యమైన పని తక్కువ ముఖ్యమైనదాని వల్ల ఆగిపోవడం) మాట తప్పకుండా వస్తుంది. 1997 జులైలో అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ మాటిమాటికీ రీసెట్ అయింది. వాతావరణ డేటా పోగుచేసే తక్కువ ప్రయారిటీ టాస్క్ చేతిలో మ్యూటెక్స్ ఉంది. ఎక్కువ ప్రయారిటీ ఉన్న బస్ టాస్క్ దాని కోసం ఆగింది. మధ్య ప్రయారిటీ టాస్కులు వచ్చి తక్కువదాన్ని నడవనివ్వలేదు. బస్ టాస్క్ పని గడువులోగా కాకపోయేసరికి సిస్టమ్ రీసెట్ అయ్యేది. దాని ఆపరేటింగ్ సిస్టమ్ వీఎక్స్‌వర్క్స్‌లో ఆ మ్యూటెక్స్‌కు ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ (లాక్ పట్టినవాడికి ఎదురుచూసేవాడి ప్రయారిటీ ఇవ్వడం) సదుపాయం ఉంది, కానీ ఆన్ చేయలేదు. భూమి మీంచి మార్పు పంపి ఆన్ చేశారు. పీథ్రెడ్ మ్యూటెక్స్‌లో కూడా అది డిఫాల్ట్‌గా ఉండదు, ఆట్రిబ్యూట్‌లో ప్రోటోకాల్ అడిగి పెట్టుకోవాలి. సెమఫోర్‌కైతే ఆ అవకాశమే లేదు. యజమాని ఎవరో తెలియనప్పుడు ఎవరి ప్రయారిటీ పెంచుతారు?

డేటా రేసులు, అంటే లాక్ లేకుండా రెండు థ్రెడ్లు ఒకే డేటాను మార్చే తప్పులు, పట్టడానికి కంపైలర్‌తో వచ్చే థ్రెడ్ శానిటైజర్‌ను మించింది లేదు. కంపైల్‌లోనూ లింక్‌లోనూ దాని ఫ్లాగ్ ఇవ్వాలి. ప్రోగ్రామ్ 5 నుంచి 15 రెట్లు నెమ్మదిస్తుంది, మెమరీ 5 నుంచి 10 రెట్లు తింటుంది. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కలిపి ఒకే బిల్డ్‌లో పెట్టడం కుదరదు. రన్‌లో తగలని దారిని అది చూడదు కాబట్టి దాని మౌనాన్ని సర్టిఫికెట్‌గా తీసుకోకూడదు.

ఇక ప్రోగ్రామ్ బిగుసుకుపోయినప్పుడు. సాయంత్రం ఇక్కడ వదిలిన బగ్‌ను పొద్దున్నే హైదరాబాద్ టీమ్ అందుకుంటుంది. "హ్యాంగ్ అవుతోంది, చూడండి" అని ఒక లైను రాసి వెళ్తే వాళ్ళ పూట పోయినట్టే. ప్రాసెస్‌ను చంపకముందే జీడీబీ డీబగ్గర్ తగిలించి, ప్రతి థ్రెడ్ ఎక్కడుందో చూపే థ్రెడ్ అప్లై ఆల్ బీటీ కమాండ్ కొట్టి, మొత్తం అవుట్‌పుట్ టికెట్‌లో పెట్టాలి. లాక్ కోసం ఆగిన థ్రెడ్ల పై ఫ్రేముల్లో ఎల్ఎల్ఎల్ లాక్ వెయిట్ అనే ఫంక్షన్ పేరు కనబడుతుంది. ఆ మ్యూటెక్స్‌ను ప్రింట్ చేస్తే డేటా భాగంలో ఓనర్ అనే అంకె ఉంటుంది. ఇన్ఫో థ్రెడ్స్ కమాండ్ ఇచ్చే జాబితాలో ఎల్‌డబ్ల్యూపీ (థ్రెడ్ సంఖ్య) పక్కనున్న అంకెతో దాన్ని పోల్చితే లాక్ ఎవరి దగ్గరుందో తేలిపోతుంది. రెండు థ్రెడ్లు ఒకదాని లాక్ కోసం ఇంకొకటి ఆగి ఉంటే డెడ్‌లాక్, లాక్‌లు తీసుకునే వరుస ఎక్కడో తిరగబడింది. సీ ప్లస్ ప్లస్ 17 అయితే రెండింటినీ ఒకే స్కోప్డ్ లాక్‌కు ఇస్తే వరుస బాధ్యత అదే చూసుకుంటుంది. ఆగింది సెమఫోర్ మీదైతే జీడీబీ చూపించగలిగేది లెక్క ఒక్కటే, ఎవరు పోస్ట్ చేయాల్సి ఉండిందో చెప్పలేదు. అందుకని ప్రతి పోస్ట్ దగ్గరా థ్రెడ్ అంకెతో ఒక లాగ్ లైను ముందే రాసి ఉంచుకోవాలి.