శ్రీకాకుళం నుంచి దుబాయ్‌కి: టికెట్‌లో కనిపించని గంటలు

తమ్ముడు దుబాయ్‌లో వెల్డరు. వాడి దగ్గరికి వెళదామంటే అమ్మ అడిగింది ఒక్కటే: "ఎన్ని గంటలు కూర్చోవాలి బాబూ?" ఆమెకు షుగరు. మాత్రకూ భోజనానికీ పొంతన తప్పితే కళ్లు తిరుగుతాయి. ఉజ్జాయింపు జవాబు పనికిరాదు.

ముందు దూరాలు చూశాను. ఆకాశమార్గాన విశాఖ నుంచి హైదరాబాద్ సుమారు 510 కిలోమీటర్లు, అక్కడి నుంచి దుబాయ్ 2,550. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతుంది కనుక రెండోది మూడు గంటలు పట్టాలి. టికెట్‌లో మాత్రం రాత్రి 9 గంటలకు బయలుదేరి 11.20కి చేరుతుందని ఉంది. "రెండున్నర గంటలు కూడా లేదండీ" అన్నాడు టికెట్లు తీసిన కుర్రాడు, తానే విమానం నడుపుతున్నంత ధీమాగా.

టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అక్కడి 11.20 అంటే మనకు అర్ధరాత్రి 12.50. అసలు ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు. మూడు గంటల లెక్కకు మిగతాది ఎక్కడ కలిసిందంటే, రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, దిగడం అన్నీ ఆ సమయంలోనివే. పైగా మేం వెళ్లింది జనవరిలో. చలికాలంలో పైఎత్తున గాలి పడమర నుంచి బలంగా వీస్తుంది, మనం పోయేదేమో పడమరకు.

అప్పటికి భోగాపురం నుంచి విమానాలు లేవు. రణస్థలం, తగరపువలస మీదుగా వంద కిలోమీటర్లు దాటి వెళితే విశాఖ విమానాశ్రయం నగరానికి ఆ చివరన ఉంటుంది. ట్రాఫిక్‌కు భయపడి మధ్యాహ్నం 3 గంటల విమానానికి ఉదయం 11కే ఇల్లు వదిలాం. రెండు టికెట్లూ విడివిడిగా తీసుకున్నవి కావడంతో హైదరాబాద్‌లో సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు ఉండమంటారు. అందుకే మధ్యలో దాదాపు ఐదు గంటల వ్యవధి పెట్టుకున్నాను. కుర్చీలు చల్లగా, టీ ఖరీదుగా ఉన్నా ఆ వ్యవధి లేకపోతే అమ్మను పరుగెత్తించాల్సి వచ్చేది.

మొత్తం కూడితే ఇంటి గడప నుంచి దుబాయ్ నేల దాకా పద్నాలుగు గంటలు. అందులో విమానాల్లో కూర్చున్నది ఐదు గంటలే. అమ్మకు ఈ రెండు అంకెలూ చెప్పాను. ఆ రోజుకు మాత్రలు మన గడియారం ప్రకారమే వేసుకోమని ఆమెను చూసే డాక్టరు గారు చెప్పడంతో నా వాచీ మార్చలేదు. మాత్రలూ అటుకులూ చేతిసంచిలోనే పెట్టాం. రాత్రి 8కి హైదరాబాద్‌లోనే ఆమె భోజనం అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో లెక్క తలకిందులు. దుబాయ్‌లో రాత్రి 10కి ఎక్కితే హైదరాబాద్‌లో 2.55. చూడటానికి ఐదు గంటలు, నిజానికి 3 గంటల 25 నిమిషాలు. ఈసారి గాలి వెనక నుంచి తోస్తుంది. తేదీ కూడా మారిపోతుంది కాబట్టి విశాఖకు రమ్మని కారు డ్రైవరుకు మర్నాటి తేదీ, వారం రెండూ చెప్పి, వాటిని మళ్లీ అతని నోటితో చెప్పించుకున్నాను.