హ్యాండిల్ వణుకు ఆగింది

బైక్ 70 కి.మీ. వేగం దాటగానే మళ్లీ హ్యాండిల్ ఊగుతుందేమోనని బిగపట్టుకునే ఉన్నాను, బెంగళూరులో హెబ్బాళ ఫ్లైఓవర్ దిగి దేవనహళ్లి వైపు వెళ్తుంటే. ఊగలేదు!

నిన్నటిదాకా హ్యాండిల్ ఊపును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ కొనాలనే అనుకున్నా. జేసీ రోడ్డులో మన అనంతపురం మెకానిక్ అన్న ముందు చక్రం పైకి లేపి, దాన్ని పట్టి ఉంచే ఫోర్క్‌ని ముందుకీ వెనక్కీ కదిపాడు. టక్ టక్. స్టీరింగ్ బేరింగ్ లూజు. "దీన్ని వదిలేసి డ్యాంపర్ వేస్తే రోగం దాచినట్టే తమ్ముడూ" అన్నాడు.

బేరింగ్‌లు మార్చి, నీళ్లలా పలచబడ్డ ఫోర్క్ ఆయిల్ తీసేసి కాస్త చిక్కటిది పోశాడు, ఇద్దరం ఎక్కితే వెనక కుంగి ముందు చక్రం తేలికైపోతోందని వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగ్ బిగువు (ప్రీలోడ్) కూడా రెండు మెట్లు పెంచాడు.

హ్యాండిల్ ఊగిన రోజు వెనక నుంచి నా చొక్కా గుప్పిట పట్టుకున్న మా ఆవిడ ఆదివారం నంది హిల్స్‌కి వస్తానంది. చాలా సంతోషంగా ఉంది.