బ్యాంకాక్ వెళ్తున్నారా, అయితే ముందు పడవెక్కండి

మా వైపు, అంటే నర్సాపురం పాలకొల్లు రాజోలు చుట్టుపక్కల, బ్యాంకాక్ టూర్ అంటే అందరిదీ ఒకటే పద్ధతి అయిపోయిందండి. ట్రావెల్స్ వాళ్ళు ఓ నలభై మందిని పోగేస్తారు, ఫ్లైట్ దిగగానే బస్సెక్కించి పట్టాయా తీసుకుపోతారు, అక్కడ బీచ్ ఒకటి షో ఒకటి చూపిస్తారు, వెనక్కొచ్చేటప్పుడు రాళ్ళ నగల షాపులో గంటలు గంటలు కూర్చోబెడతారు, ఆఖర్న బ్యాంకాక్ లో ఒక గుడి, ఒక మాల్, అంతే, ఇంటికి. వచ్చినవాళ్ళని ఊరెలా ఉందండీ అనడిగితే ట్రాఫిక్ ఎక్కువండీ అంటారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే అది ఏటి ఒడ్డున పుట్టి కాలవల మీద పెరిగిన ఊరు, డెల్టా ఊరు, కాలవ గట్ల మీద పెరిగిన మనం దాన్ని బస్సు అద్దంలోంచి చూసి వచ్చేయడమేంటి?

నేను అమ్మని, మా ఆవిడని, పాపని తీసుకుని ప్యాకేజీ లేకుండా సొంతంగా వెళ్ళాను. ఊళ్ళో చెప్తే "మీ అమ్మగారిని తీసుకుని బ్యాంకాకేంటయ్యా" అన్నవాళ్ళే ఎక్కువ. ఆ ఊరికి మన దగ్గర పడిపోయిన పేరు అలాంటిది మరి, కానీ పెద్దవాళ్ళని తీసుకెళ్ళి చూపించాల్సిన ఊళ్ళలో అదొకటి అని నేను గట్టిగా చెప్తాను.

రూమ్ తీసుకునేటప్పుడే సగం పని అయిపోతుంది. షాపింగ్ సెంటర్ల మధ్య కాకుండా చావో ఫ్రాయా నదికి దగ్గర్లో చూస్కోండి, లేదా బీటీఎస్ అనే మెట్రో ట్రైన్ లైన్ మీద ఎక్కడైనా చూసుకుని సఫాన్ తక్సిన్ స్టేషన్ లో దిగండి, మెట్లు దిగితే ఎదురుగా సాథోన్ రేవు. అక్కడ నారింజ రంగు జెండా ఉన్న బోటెక్కండి. ఊళ్ళో జనం ఆఫీసులకీ కాలేజీలకీ వెళ్ళే బోటు అది, ఎంత దూరమైనా ఒకటే టికెట్, మేం వెళ్ళినప్పుడు 16 బాత్, మన డబ్బుల్లో నలభై పైచిలుకు. అదే రేవులో నీలం జెండాతో టూరిస్టు బోటు కూడా ఉంటుంది, కూర్చోడానికి బావుంటుంది, రేటు ఎక్కువ. నాకైతే మామూలు బోటే నచ్చింది. వెనకాల ఒకతను నిలబడి విజిల్ ఊదుతూ ఉంటాడు, ముందున్న డ్రైవర్ ఆ విజిల్ బట్టే బోటుని రేవుకి ఆనిస్తాడు, ఆగేది కాసేపే, ఈలోపే దిగేవాళ్ళు దిగాలి ఎక్కేవాళ్ళు ఎక్కాలి, బౌద్ధ సన్యాసులు నిలబడ్డానికి వెనకవైపు వేరే చోటు, అక్కడికి మనం వెళ్ళకూడదు.

అమ్మ బోటెక్కిన దగ్గర్నుంచి మాట్లాడ్డం ఆపలేదు. తన చిన్నప్పుడు కాలవ మీద పడవలో అమ్మమ్మగారింటికి వెళ్ళేవారట, లాకుల దగ్గర పడవ ఆగితే దిగి టిఫిన్ తినేవారట, నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినని కబుర్లన్నీ అక్కడ విన్నాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక వచ్చిన మన డెల్టా కాలవల్లో నీళ్ళతో పాటు పడవలు కూడా నడిచేవి కదా, ఇప్పుడేమో పడవలు పోయి గుర్రపుడెక్క మిగిలింది. చావో ఫ్రాయా మీద కూడా గుర్రపుడెక్క తేలుతూ కనిపిస్తుందండి, కానీ దాని పక్కనే ఇసక బార్జీలు, లాంచీలు, అవతలి ఒడ్డుకి దాటించే చిన్న బోట్లు, అన్నీ తిరుగుతూనే ఉంటాయి. అంత పెద్ద రాజధాని, మీద మెట్రో రైళ్ళు, ఫ్లైఓవర్లు, అయినా నీటి దారిని వదులుకోలేదు. నాకు ఆ ఊరి మీద గౌరవం అక్కడే మొదలైంది.

ఇంకో సంగతి చెప్పాలి, మన లంకల్లో ఏరు గట్టు కోసుకుపోవడం చూసినవాళ్ళకి ఇది బాగా పడుతుంది. గ్రాండ్ ప్యాలెస్ కీ వాట్ అరుణ్ గుడికీ మధ్య పారే ఆ వెడల్పాటి నది ఉందే, అక్కడ అది అసలు నది కాదు, మనుషులు తవ్విన కాలవ! పాత నది పడమర వైపు పెద్ద మెలిక తిరిగి వచ్చేది, పడవలు చుట్టూ తిరిగి రావాల్సొస్తోందని 16వ శతాబ్దంలో, అయుత్థయ రాజధానిగా ఏలిన పాత థాయ్ రాజుల కాలంలో ఆ మెలికకి అడ్డంగా కాలవ కొట్టారు, నీళ్ళు దగ్గర దారి దొరికింది కదా అని అటే పోయి ఒడ్డులు కోసి కోసి ఆ కాలవే నది అయిపోయింది, పాత నది సన్నబడి కాలవగా మిగిలింది. బ్యాంకాక్ నోయి, బ్యాంకాక్ యాయి అని ఇప్పుడు పిలిచే కాలవలు ఆ పాత నది ముక్కలే. ఆ తర్వాత 1782లో మొదటి రామ అని పిలిచే థాయ్ రాజు రాజధానిని అటు థోన్‌బురి ఒడ్డు నుంచి ఇటు తూర్పు ఒడ్డుకి మార్చి ప్యాలెస్ కట్టించాడు.

ప్యాలెస్ సంగతికి వస్తే, పొద్దున్న ఎనిమిదిన్నరకి తెరుస్తారు, ఆ టైమ్ కే వెళ్ళిపోండి, పదయ్యిందంటే ఎండా జనమూ రెండూ తట్టుకోలేరు. టికెట్ 500 బాత్, ఖరీదే, కానీ పెట్టొచ్చు. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని ఉండాలి, అమ్మ చీరకి మా ఆవిడ చుడీదార్ కి ఇబ్బంది లేదు, మగవాళ్ళు నిక్కర్లతో వెళ్తే ఆపేస్తారు. బయట రోడ్డు మీద ఎవరో నీట్ గా షర్టు వేసుకుని వచ్చి "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, నేను వేరే గుళ్ళు చూపిస్తా, టుక్‌టుక్ చవక" అంటే అస్సలు నమ్మకండి, అది తిరిగి తిరిగి రాళ్ళ షాపు దగ్గరే తేలుతుంది, గేటు దాకా వెళ్ళి మీ కళ్ళతో చూసుకోండి.

లోపల పచ్చ బుద్ధుడి విగ్రహం 66 సెంటీమీటర్లే, ఎత్తైన పీఠం మీద చిన్నగా కనిపిస్తాడు, ఏడాదికి మూడు కాలాలకీ మూడు రకాల బంగారు వస్త్రాలు, వాటిని రాజుగారే మారుస్తారు. అందరూ అది చూసి బయటికొచ్చేస్తారు, మీరు మాత్రం చుట్టూ ఉన్న వసారా వదలొద్దు. ఆ గోడల మీద 178 ఘట్టాల్లో రామాయణం మొత్తం గీశారు, దాన్ని వాళ్ళు రామకియెన్ అంటారు, రావణుడు తోత్సకన్. మేం చాలాసేపు అక్కడే ఉండిపోయాం. మన ఊళ్ళో బుర్రకథల్లో హరికథల్లో చెప్పే మైరావణుడి కథ అక్కడ గోడ మీద ఉంది! రామలక్ష్మణుల్ని మైరావణుడు ఎత్తుకుపోకుండా ఆంజనేయుడు తోకతో కోట కట్టాడని మనం చెప్పుకుంటాం, వాళ్ళ కథలో అయితే ఆయన కొండంత పెరిగి రాముడున్న మండపాన్నే నోట్లో పెట్టుకుని కాపలా కాస్తాడు. అమ్మ ఆ బొమ్మ ముందు దణ్ణం పెట్టుకుని నిలబడిపోయింది. వాళ్ళ ఆంజనేయుడు బ్రహ్మచారి కాదు, రావణుడి కూతురు సువన్నమచ్చ అనే చేపకన్యని ప్రేమిస్తాడు అని చదివి చెప్పాను, "అదేంట్రా" అని మొదట ఒప్పుకోలేదు గానీ మధ్యాహ్నం ఖోన్ నాటకంలో తెల్ల కోతి ముసుగేసుకున్న హనుమంతుడు గెంతుతూ వచ్చేసరికి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది తనే. ఆ నాటకం సాలా చలెర్మ్‌క్రుంగ్ అనే 1933 నాటి థియేటర్ లో, మేం వెళ్ళినప్పుడు ప్యాలెస్ టికెట్ లోనే కలిసి ఉంది, చాలామంది తెలియక వదిలేసుకుంటున్నారు, కౌంటర్ లో అడగండి. ఎంటర్‌టైన్‌మెంట్ అంటే అదండి, పట్టాయా షోల కోసం వేలు పోసేవాళ్ళు ఒక్కసారి ఇది చూడాలి.

పక్కనే వాట్ ఫో గుడి (వాట్ అంటే గుడి), లోపల పడుకున్న బుద్ధుడు, 46 మీటర్ల పొడవు, అరికాళ్ళ మీద ముత్యపు చిప్పలతో 108 శుభ చిహ్నాలు పొదిగారు. అక్కడి నుంచి నడిచి తా తియెన్ రేవుకి వెళ్తే అవతలి ఒడ్డుకి ఐదు బాత్ లో దాటిస్తారు, దిగిన చోటే వాట్ అరుణ్. ఆ గోపురం నిండా ఉన్నది రంగు కాదు, చైనా పింగాణీ ముక్కలు, దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో పువ్వూ ఒక్కో రేకూ ముక్కలతోనే అతికారు. సాయంత్రం మాత్రం మళ్ళీ ఇవతలి ఒడ్డుకి వచ్చేసి చూడండి, గోపురం వెనకాల పొద్దు గుంకుతుంది.

తర్వాత రోజుకి పొడుగు తోక బోటు మాట్లాడుకుని థోన్‌బురి కాలవల్లోకి వెళ్ళండి. బోటు మొత్తానికి గంటల లెక్కన బేరం, మొదట చెప్పిన రేటుకి ఒప్పుకోకండి, ఏ కాలవల్లోంచి తీసుకెళ్తాడో ముందే అడగండి. కారుదో లారీదో పాత ఇంజన్ బిగించి పొడుగాటి ఇనప కడ్డీ చివర ఫ్యాన్ పెట్టి నడుపుతారు, చప్పుడు చాలా ఎక్కువ, పెద్దవాళ్ళకి చెవుల్లో దూది పెట్టండి. నది వదిలి కాలవలోకి వెళ్ళే చోట లాకులున్నాయి, గేట్లు మూసి నీళ్ళు సమానం అయ్యేదాకా బోట్లన్నీ వరసగా ఆగుతాయి, అమ్మ మొహం చూడాలి అప్పుడు. లోపల స్తంభాల మీద చెక్క ఇళ్ళు, గుమ్మం ముందే మెట్లు, మెట్ల కింద నీళ్ళు, కొబ్బరి చెట్లు, అరటి చెట్లు, గుళ్ళ రేవుల్లో మేత కోసం ఎగబడే చేపలు, వాట్ పాక్‌నామ్ దగ్గర 69 మీటర్ల బుద్ధుడు ఇళ్ళ కప్పుల మీంచి కనిపిస్తాడు.

ఊరి నడుమ ఇంకో కాలవ ఉంది, సేన్ సేప్. 19వ శతాబ్దంలో మూడో రామ రాజు తవ్వించింది, ఇప్పుడు దాని మీద తిరిగే బోట్లు రోడ్డు మీద కార్ల కంటే ముందు పోతాయి. నీళ్ళు శుభ్రంగా ఉండవు, చిల్లుతాయి, అంచున కూర్చున్నవాళ్ళు తాడు లాగి పరదా పట్ట పైకెత్తాలి, ఎక్కేటప్పుడు అంచు మీద కాలేసి తాడు పట్టుకుని దూకాలి కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళు వద్దు. మేం అమ్మని రూమ్ లో ఉంచి వెళ్ళాం. హువా చాంగ్ రేవు దగ్గర దిగితే జిమ్ థాంప్సన్ ఇల్లు, థాయ్ పట్టుకి ప్రపంచంలో పేరు తెచ్చిన అమెరికా ఆయన, 1967లో మలేషియా కొండల్లో నడకకి వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. పాత టేకు ఇళ్ళని తెచ్చి కలిపి కట్టిన ఇల్లు. నర్సాపురం లేసు అల్లికల మధ్య పెరిగిన మా ఆవిడ ఆ పట్టు దగ్గర్నుంచి ఎంతకీ కదల్లేదు.

ఫ్లోటింగ్ మార్కెట్ అంటే అందరూ దామ్నెన్ సదువాక్ అంటారు, అది వంద కిలోమీటర్ల దూరం, ఇప్పుడు దాదాపు మొత్తం టూరిస్టులే. ఊళ్ళోనే శని ఆదివారాల్లో తలింగ్ చాన్, ఖ్లోంగ్ లాత్ మాయోమ్ ఉన్నాయి, అక్కడ వాళ్ళ కుటుంబాలే వచ్చి తింటూ కనిపిస్తాయి. అక్కడ ఖనోమ్ క్రోక్ తినండి, కొబ్బరిపాలు బియ్యప్పిండితో మన పొంగనాల పెనం లాంటి దాంట్లోనే పోస్తారు. కొబ్బరిపాలు పోసిన మామిడిపండు అన్నం గురించి చెప్పక్కర్లేదు, పాప రోజూ అదే. శాకాహారులు మాత్రం జాగ్రత్త, కూరగాయల వంటలో కూడా చేపల సాస్ పోస్తారు, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు ఉన్న కొట్లు వెతుక్కోండి, లేదంటే పహురాట్ అనే పేటలో మనవాళ్ళ హోటళ్ళున్నాయి.

సాయంత్రం ఒకటి లుంపిని పార్కుకి పెట్టుకోండి, పైసా ఖర్చు లేదు. చెరువు గట్టున మనిషంత పొడుగు ఉడుములు తిరుగుతుంటాయి, ఎవరినీ ఏమీ అనవు. ఆరింటికి జాతీయ గీతం వేస్తే పరిగెత్తేవాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు, మనం కూడా ఆగాలి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. వీలైతే లోయ్ క్రథోంగ్ పండక్కి వెళ్ళండి, అది చాలాసార్లు మన కార్తీక పౌర్ణమి రోజే వస్తుంది, మనం గోదాట్లో దీపాలు వదిలినట్టే వాళ్ళూ అరటి బోదె ముక్క మీద ఆకులు, పువ్వులు, కొవ్వొత్తి, అగరొత్తులు పెట్టి నదిలో వదులుతారు. అమ్మకి ఈ సంగతి చెప్పిన దగ్గర్నుంచి మళ్ళీ ఎప్పుడు వెళ్దాం అంటోంది, టికెట్లు చూస్తున్నాను. మీరూ అనుకుంటే నది దగ్గర రూములు రెండు నెలల ముందే చూస్కోండి, థాయ్‌లాండ్ లో దిగే విదేశీయులందరూ 2025 మే 1 నుంచి ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి, అది ఫ్రీ, ఎవరైనా దానికి డబ్బులడిగితే ఇవ్వకండి.