మాస్ట్ కాలి దగ్గర తుప్పు

పాత సెయిల్ బోట్‌లో ముందుగా చూడాల్సింది తెరచాపల్ని కాదు, వాటిని మోసే నిలువు స్తంభం, అంటే మాస్ట్, దాని అడుగుని. మాస్ట్ డెక్ మీద నిలబడే రకమైతే దాని బరువూ, దాన్ని పట్టి ఉంచే వైర్లు కిందికి లాగే బలమూ సాధారణంగా క్యాబిన్‌లో డెక్‌ని కింద నుంచి మోసే కంప్రెషన్ పోస్ట్ అనే స్తంభం మీదే పడుతుంది, ఆ పోస్ట్ కాలేమో చాలాసార్లు బోట్ అడుగున చేరే నీళ్లలో (బిల్జ్) నానుతూ ఉంటుంది. మా బోట్‌లో క్యాబిన్ తలుపు బిగుసుకుపోవడం, వైర్లు ఎంత బిగించినా మళ్లీ వదులవడం చూసి అనుమానమొచ్చింది. ఫ్లోర్ బోర్డు తీసి స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే పోస్ట్ కాలి అల్యూమినియం పొరలు పొరలుగా ఊడొచ్చింది, స్టెయిన్‌లెస్ బోల్టుల చుట్టూ తెల్లటి పొడి. ఉప్పునీళ్లలో ఈ రెండు లోహాలూ తగులుకుని ఉంటే అరిగిపోయేది అల్యూమినియమే.

దీనికి పైన పెయింట్ కొట్టి సరిపెట్టుకోవడం నిజంగా ప్రమాదం. మాస్ట్‌ని క్రేన్‌తో దించేశాం. కుంగిన డెక్‌ని జాకీతో మెల్లగా, రోజుకి కాస్త చొప్పున పైకి లేపాం, అది మామూలు ఆకారానికి వచ్చాకే పోస్ట్ కొలత తీసుకోవాలి, లేకపోతే ఆ వంపు అలాగే ఉండిపోతుంది. తర్వాత పోస్ట్‌ని గట్టి లోహం తగిలేదాకా కోసి, కింద జీ10 అనే గట్టి రకం ఫైబర్‌గ్లాస్ దిమ్మ పెట్టాం, దానికి తుప్పు బాధ లేదు. బోల్టులకి టెఫ్‌జెల్ అనే, లోహాల మధ్య తుప్పుని ఆపే పేస్ట్ దట్టంగా పూశాం. ఇంకోటి, పోస్ట్ అడుగున నీళ్లు బయటికి పోయే దారి తప్పకుండా ఉంచండి.